ఏథెన్సులో చేసిన మాట

ఇద్దరు యువకులు పైచదువులకై ఒకే విమానమెక్కి పరదేశమునకు పోవుచున్నప్పుడు, వీడ్కోలు చెప్ప వచ్చిన రెండు కుటుంబములవారు ఒకరితో నొకరు చెప్పుకొను మాట ఒకటి కలదు: "జతగా పోవుచున్నారు, అదే మాకు ధైర్యము." ఒక తల్లి తన కుమారుని చేతిని అతని స్నేహితుని చేతిలో పెట్టి, "వీడు వేళకు తినడు, నీవే చూచుకొనవలెను నాయనా" అని అప్పగించును. అంతకు ముందటి ఆదివారము మందిరములో ఇద్దరి పేర్లును కలిపియే ప్రార్థన జరిగియుండును. అక్కడికి చేరిన పిమ్మట ఇద్దరును ఒకే గది తీసికొందురు. అద్దె చెరిసగము, వంట దినము విడిచి దినము. జ్వరము వచ్చిన రాత్రి నుదుట చేయి వేయువాడు ఆ ఒక్కడే. ఇంటిమీద బెంగ పుట్టినప్పుడు సిగ్గుపడక ఏడ్చుటకు ఎదుట నుండువాడును ఆ ఒక్కడే. అట్టి దినములలో స్నేహితులు చేసికొను మాటలు సామాన్యమైనవి కావు. చదువు ముగిసిన తరువాతను కలిసియే యుందము, కలిసియే దేవుని సేవింతము అని వారు అనుకొందురు. ఆ దినమున ఆ మాట సత్యమే. పదునైదేండ్లు గడచిన తరువాత దాని బలమెంత? దేవుని పిలుపు ఒకనిని ఒక దిక్కునకును, తండ్రి ముసలితనము మరియొకనిని మరియొక దిక్కునకును లాగినప్పుడు ఆ మాట ఏమగును? దేవుని పని యెదుట స్నేహితునికి హక్కు అనునది ఏమైనను మిగులునా?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. నాలుగవ శతాబ్దమున ఇద్దరు క్రైస్తవ విద్యార్థులు దీనిని తమ బ్రదుకులతోనే వ్రాసి పెట్టిపోయిరి. వారిలో ఒకడు తరువాత కైసరయ బిషప్పైన బాసిల్, రెండవవాడు నజియాంజు గ్రెగొరీ. అరియుసు బోధకు ఎదురొడ్డి త్రిత్వ విశ్వాసమును నిలువబెట్టినవారిలో వీరిద్దరును ముఖ్యులని సంఘ చరిత్ర చదివినవారెల్లరు నెరుగుదురు. కాని వారి చెలిమిని గూర్చియు, ఆ చెలిమికి తగిలిన గాయమును గూర్చియు ఎరిగినవారు తక్కువ.

ఇద్దరును ఇంచుమించు 330 ప్రాంతమున పుట్టిన ఈడువారు. ఇద్దరిదియు కప్పదొకియ దేశమే. పెంతెకొస్తు దినమున యెరూషలేములో నుండినవారి పట్టికలో ఆ దేశము పేరు కలదు (అపొ. 2:9), అది నేటి తుర్కీ దేశపు నడిభాగము. బాసిల్ కలిగినవారి యింటి బిడ్డ. హింసల కాలమున అతని తాతయు అవ్వయు పొంతు కొండ అడవులలో ఏండ్ల తరబడి దాగి విశ్వాసమును కాపాడుకొనిరి. గ్రెగొరీ తండ్రి నజియాంజు అను చిన్న పట్టణమునకు బిషప్పు. ఆయనను క్రీస్తు నొద్దకు నడిపించినది ఆయన భార్య నొన్నా. కైసరయ పాఠశాలలలోనే ఈ యిద్దరికిని ముఖపరిచయము కలిగెను. అయితే ముఖపరిచయము స్నేహము కాదు. దానికి పరదేశము కావలసివచ్చెను.

గ్రెగొరీ పాలస్తీనాలోను అలెక్సంద్రియలోను చదివి, అక్కడనుండి ఏథెన్సునకు ఓడ యెక్కెను. కుప్ర ద్వీపపు సముద్రములో గాలివాన పట్టి అనేక దినములు విడువలేదు. మంచినీరు పోయెను. అతనికి అప్పటికి బాప్తిస్మము కాలేదు; చావుకంటె ఆ సంగతియే అతనిని ఎక్కువ వణకించెను. ఫేనీకే వర్తకుల యోడ యొకటి దగ్గరకు వచ్చి వారిని ఆదుకొనెను. ఆ నీళ్ల నడుమనే అతడు తన జీవితమును దేవునికి మ్రొక్కుకొనెను. బాసిల్ మరియొక త్రోవను, కాన్‌స్టాంటినోపుల్‌లో చదువు ముగించుకొని, కొంత ఆలస్యముగా ఏథెన్సు చేరెను.

పౌలు అరేయొపగులో నిలిచి మాటలాడినది మొదలు అప్పటికి మూడువందల ఏండ్లు గడచినవి. ఏథెన్సునకు రాజ్యబలము లేదు. విద్యాబలము మాత్రము తరుగలేదు. వక్తృత్వ శాస్త్రము నేర్చుకొనుటకు రోమా సామ్రాజ్యపు నలుమూలలనుండియు యువకులు అక్కడికి వచ్చుచుండిరి. వారు తమ తమ ఆచార్యుని పక్షముగా గుంపులు కట్టి, క్రొత్త విద్యార్థి రేవులో దిగగానే అతనిని పట్టుకొని తమ గురువు యొద్దకు లాగుకొనిపోవుదురు. పిదప అతనిని నడుమ నుంచుకొని, రెండు వరుసలుగా నడచుచు, కేకలు వేయుచు స్నానశాలకు తీసికొనిపోయి, తలుపు తెరువమని బెదరించి, బాగుగా భయపెట్టిన తరువాతనే లోనికి విడుతురు. అప్పటినుండి అతడు వారిలో ఒకడు. నేటి కళాశాలల వసతిగృహములలో క్రొత్తవారిని ఏడిపించు దురాచారము ఎంత ప్రాచీనమో దీనివలన తెలియును. బాసిల్ రాకముందే గ్రెగొరీ విద్యార్థులయొద్ద అతని గుణమును గూర్చి చెప్పి, ఆ యెగతాళి అతనికి తప్పించెను. అది వారి స్నేహమునకు తొలి మెట్టని గ్రెగొరీయే తరువాత చెప్పెను.

రెండవ మెట్టు అంత అందమైనది కాదు. అర్మేనియా విద్యార్థులు కొందరు బాసిల్‌ను వాదములో ఓడింపవలెనని వచ్చి, తామే ఓడిపోవుచుండిరి. ఏథెన్సు పరువు పోవునని తలంచి గ్రెగొరీ మొదట వారికే చేయూత నిచ్చెను! వారిది జ్ఞానాసక్తి కాదు, అసూయ అని తెలిసిన తక్షణమే పక్షము మార్చి స్నేహితుని ప్రక్కకు వచ్చెను. ఈ పొరపాటును అతడు దాచలేదు. ఇంతయు జరిగిన పిమ్మట బాసిల్ మనస్సు క్రుంగిపోయెను. ఎంతో ఊహించుకొని వచ్చిన ఏథెన్సు అతనికి శూన్యముగా కనబడెను. పరదేశము చేరిన మొదటి నెలలలో ఈ నిరాశ తగులని విద్యార్థి అరుదు. ఇంటికి వ్రాయు ఉత్తరములో మాత్రము అది కనబడదు. గ్రెగొరీ అతని ప్రక్కన కూర్చుండి, ఒక చోటి విద్యను కొలది దినములలో తూచి చూడరాదని మెల్లగా నచ్చచెప్పెను. ఆ యోదార్పుతో ఇద్దరును ఒకరికొకరు పూర్తిగా దొరికిరి.

అటు తరువాత ఒకే కప్పు, ఒకే భోజనపు బల్ల. ఆ నగరములో తమకు రెండే దారులు తెలిసియుండెనని గ్రెగొరీ చెప్పుచున్నాడు. ఒకటి దేవుని మందిరమునకు పోవునది, రెండవది గురువుల యింటికి పోవునది. నాటకములు, పండుగలు, విందులు మొదలగువాటి దారులను ఆ దారులు కోరువారికే విడిచిపెట్టిరి. హిమేరియసు, ప్రొహైరేసియసు అను ఆచార్యులు వారికి గురువులని పాత చరిత్రకారుల మాట. వీరిలో ప్రొహైరేసియసు క్రైస్తవుడు. 362లో జూలియను చక్రవర్తి క్రైస్తవులు పాఠములు చెప్పరాదని శాసించినప్పుడు తన ఆచార్యపీఠమును విడిచినవాడు. ఆ జూలియనే 355లో కొన్ని నెలలు అదే ఏథెన్సులో విద్యార్థిగా నుండెను. ఒకే ఊరు, ఒకే పాఠములు. ఒకడు విశ్వాసమును విడిచెను, ఇద్దరు విశ్వాసములో వేరుపారిరి. ఆ యిద్దరికిని తోడు దొరికినది, అతనికి దొరకలేదు అని చెప్పుట సులభము. మనుష్యుని హృదయము అంత సులభముగా లెక్కకు వచ్చునది కాదు.

పరదేశములో చెలిమి ఏల అంత గాఢమగును? స్వదేశములో మనుష్యుడు ఎవడో చెప్పుటకు అతని తల్లిదండ్రులున్నారు, వీధివారున్నారు, చిన్ననాటి ఉపాధ్యాయులున్నారు. పరదేశములో అతడెవడో ఎరిగినవాడు ఒక్క స్నేహితుడే. అతడును లేనియెడల తాను పూర్వము ఎవడై యుండెనో సాక్ష్యమిచ్చువాడే లేడు. కాబట్టి ఇద్దరును ఒకరి నొకరు అంటిపెట్టుకొందురు. నీది నాది అను గీత చెరిగిపోవును. తమ యిద్దరి దేహములలో నుండినది ఒకే ప్రాణమన్నట్లుగా గ్రెగొరీ వ్రాసినాడు. ఇది దేవుడిచ్చిన గొప్ప దానమే. కాని చెరిగిపోయిన ఆ గీతలోనే ఒక అపాయము దాగియున్నది. అది ఏథెన్సులో కనబడదు. ఇంటికి వచ్చిన తరువాత కనబడును.

చదువు ముగిసినప్పుడు కలిసి బయలుదేరి, కలిసి ఏకాంత ప్రార్థనాజీవితము గడుపుదమని వారు మాట ఇచ్చుకొనిరి. బయలుదేరు దినమున స్నేహితులు, తోటి విద్యార్థులు, గురువులు కూడ చుట్టుముట్టి ఏడ్చి, పోవద్దని బ్రతిమాలిరి. బాసిల్ తన కారణములు చెప్పి సాగిపోయెను. గ్రెగొరీ నిలిచిపోయెను, ఆచార్యుడవై యుండుమని వారు అతనిని పట్టుకొనిరి. తనను విడువనివానిని తన స్నేహితుడు విడిచి పోయెనన్న నొప్పి ముప్పది యేండ్ల తరువాత కూడ అతని మాటలలో వినబడుచున్నది. కొంతకాలమునకు అతడును ఏథెన్సు విడిచి స్వదేశము చేరెను.

ఇక మాట తప్పినది గ్రెగొరీ. బాసిల్ పొంతులో ఒక నది ఒడ్డున, అడవుల నడుమ, ప్రార్థనకును పనికిని ఒక చోటు ఏర్పరచుకొని రమ్మని పిలిచెను. గ్రెగొరీ పోలేదు. ముసలి తల్లిదండ్రులు అతని మీద ఆనుకొనియుండిరి. అప్పుడతడు వ్రాసిన ఉత్తరము నేటికిని నిలిచియున్నది. ఏథెన్సులో ఇచ్చిన మాట తప్పితినని అతడు సూటిగా ఒప్పుకొనెను. అది ఇష్టపూర్వకముగా కాదనియు, స్నేహధర్మమును తల్లిదండ్రుల యెడలి ధర్మము గెలిచినదనియు చెప్పెను. దేవునికి అర్పితమను పేరుతో తల్లిదండ్రులకు చేయవలసినది మానినవారిని ప్రభువు ఎట్లు గద్దించెనో మార్కు 7వ అధ్యాయములో కలదు. కాబట్టి గ్రెగొరీ ఎన్నుకొనినది తప్పు అనరాదు. అయితే గమనింపదగినది అతని యెన్నిక కాదు, అతడు దానిని తెలియజేసిన విధము. మాట తప్పినవాడు సాధారణముగా మౌనము వహించును, లేక ఎదుటివానిలో తప్పు వెదకును. ఇతడు ఆ రెండును చేయలేదు. ఇచ్చిన మాట ఇదియని, తప్పినది తానని, కారణము ఇదియని స్నేహితుని ముఖము చూచి చెప్పినట్లు చెప్పెను. అందుచేత ఆ మాట తప్పుట స్నేహమును విరువలేదు.

తరువాత అతడు పొంతునకు పోయి కొంతకాలము ఉండనే ఉండెను. ఆ దినములను గూర్చి అతడు వ్రాసిన హాస్యము చదువరికి నవ్వు తెప్పించును. పండ్లు జారిపోవు గట్టి రొట్టె, పేరునకు మాత్రమే పులుసనిపించుకొను పులుసు, వెలుతురు లేని యిల్లు, తోటకు ఎరువు మోసిన మోత అన్నియు అందులో కలవు. వెంటనే మరియొక ఉత్తరములో హాస్యము మాని, కలిసి పాడిన కీర్తనలను, రాత్రి జాగరణ ప్రార్థనలను, లేఖనపఠనమును, తాను నాటగా బాసిల్ నీరు పోసిన చెట్టును తలచుకొని నిట్టూర్చెను. ఏథెన్సు మాట నెరవేరినది ఆ కొద్దికాలమే.

370లో బాసిల్ కైసరయకు బిషప్పాయెను. ఆ యెన్నికకు ముందు తాను మిక్కిలి జబ్బుగా ఉన్నానని గ్రెగొరీకి కబురు పంపెను. గ్రెగొరీ కన్నీళ్లతో బయలుదేరెను. దారిలో బిషప్పులందరును ఆ పట్టణమునకే పోవుచుండుట చూచి, పిలిచినది పడక ప్రక్కకు కాదు, ఎన్నికకని గ్రహించి, మధ్యనుండియే తిరిగిపోయెను. బాసిల్ ఆరోగ్యము ఎన్నడును మంచిది కాదు. కాబట్టి అతడు చెప్పినది అబద్ధమనుటకు వీలులేదు. కాని నిజమును మరియొక పనికి వాడుకొనుట అబద్ధమునకు దూరపు చుట్టమేమీ కాదు. గ్రెగొరీ కోపముతో ఉత్తరము వ్రాసెను. అయినను అతని ముసలి తండ్రి రోగముతో నుండియు, పల్లకిలో మోయించుకొనిపోయి బాసిల్ అభిషేకమునకు తోడ్పడెను.

అసలు గాయము రెండేండ్ల తరువాత తగిలెను. అరియుసు పక్షము వహించిన వాలెన్సు చక్రవర్తి కప్పదొకియను రెండు మండలములుగా చీల్చెను. క్రొత్త మండలపు ముఖ్యపట్టణమైన త్యానలో ఆంథిము అను బిషప్పు, ఆ భాగపు సంఘములన్నియు ఇక తన యధికారము క్రిందివే అని పట్టుబట్టెను. కొండప్రాంతమునుండి సంఘమునకు వచ్చు పంట రాబడి మోసికొనివచ్చు కంచరగాడిదలను కూడ దారిలో అడ్డగించిరి. బాసిల్ తన పక్షము నిలుపుకొనుటకు క్రొత్త బిషప్పు స్థానములు కల్పించి, నమ్మదగినవారిని వాటిలో నిలిపెను. తన సొంత తమ్ముని నీస్సా అను చిన్న పట్టణమునకు పంపెను. 372లో గ్రెగొరీని ససీమకు నియమించెను.

ససీమ మూడు దారులు కలిసిన చోట నున్న ఒక మజిలీ. నీరు లేదు, పచ్చిక లేదు. ఎటు చూచినను దుమ్ము, బండ్లు, అరుపులు, పన్నులవారు, నేడు వచ్చి రేపు పోవు బాటసారులు. గ్రెగొరీ చెప్పిన వర్ణన ఇది. ఏకాంతమును, గ్రంథములను, ప్రార్థనను తప్ప మరేమియు కోరని మనుష్యునికి, ఆంథిము సేవకులతో గాడిదల కొరకు పోరాడవలసిన ఆ స్థానము దొరికెను. తండ్రియు స్నేహితుడును ఒక్కటైరి. అతడు తల వంచెను గాని మనస్సు వంచలేదు. ఆ యూరిలో ఒక్క ఆరాధననైనను జరిపి యెరుగనని తానే చెప్పుకొనెను. పోలేదేమి, సోమరివా అని బాసిల్ గద్దించెను. పని లేకుండుటయే తనకు గొప్ప పని అని గ్రెగొరీ బదులు వ్రాసెను. ఏథెన్సు గుర్తుచేసికొని అతడు అడిగిన ప్రశ్న ఒక్కటే: ఆ చదువులు, ఆ ఒక్క కప్పు, చేయి చేయి కలిపి చేసిన ప్రమాణము, ఇవన్నియు దీనికొరకేనా?

ఇక్కడ బాసిల్ పక్షమున కూడ చెప్పవలెను; లేనియెడల తీర్పు న్యాయము కాదు. అతనికి సంఘమును కాపాడు భారముండెను. చక్రవర్తి యెదుట, చక్రవర్తి అధికారుల యెదుట అతడు నిలిచిన ధైర్యము అందరు నెరిగినదే. కైసరయ వెలుపల బీదలకును రోగులకును అతడు కట్టించిన ఆశ్రయము ఒక క్రొత్త పట్టణమువలె నుండెనని గ్రెగొరీయే పొగడెను. అతడు ఎవరిని విడువలేదు, తన్ను తాను అసలే విడువలేదు. గ్రెగొరీ అంతటివాడు చిన్న స్థలమువలన ఘనత పొందనక్కరలేదు, అతనివలన ఆ స్థలమే ఘనత పొందునను భావముతో అతడు ఒకరికి వ్రాసినాడు. దేవుని పనికి మంచివారు కావలెను. మంచివారిలో తాను బాగుగా ఎరిగినవాడు స్నేహితుడే. మరి తప్పెక్కడ?

స్నేహితునికంటె దేవుని పనిని ముందుంచుట తప్పు కాదు. తప్పు మరియొక చోట నున్నది. మన యిండ్లలో నిత్యము వినబడు మాట ఒకటి: "మావాడే కదా, అడుగుట ఎందుకు?" అన్న చేసిన అప్పునకు తమ్ముని పేరు సాక్షిగా పడును. కమిటీలో స్నేహితుని పేరు అతనికి తెలియకుండగనే చేరును. విదేశములో గది పంచుకొనిన మిత్రుడు, "వాడు కాదనడు" అని, క్రొత్తగా వచ్చు నలుగురికి ఆ గదిలోనే చోటు మాట ఇచ్చును. ఇవి ప్రేమ లేనివాడు చేయు పనులు కావు. పరాయివానిని అడుగకుండ ఎవడును ఏమియు చేయడు. మనవాడని తలంచినవానినే అడుగము. ఇద్దరిలో ఒకే ప్రాణమని నమ్మినవాడు, ఆ ప్రాణమును తానొక్కడే నడిపింపవచ్చునని తెలియకయే నమ్మును. తన కుడిచేతిని ఎవడు సెలవు అడుగును? బాసిల్ తన దేహమును ఎట్లు కరుణ లేక పనిలో అరగదీసెనో, గ్రెగొరీని కూడ అట్లే వాడెను. ఏథెన్సులో చెరిగిపోయిన ఆ గీతయే ససీమలో గాయమాయెను.

లేఖనము ఈ విషయమున చాల స్పష్టముగా నున్నది. ప్రభువు తన శిష్యులను దాసులని పిలువక స్నేహితులని పిలిచినప్పుడు (యోహాను 15:15), ఆ రెంటికిని గల భేదమును తానే చూపెను. దాసునికి యజమానుడు చేయునది తెలియదు. స్నేహితులకైతే ఆయన తన తండ్రివలన వినినదంతయు తెలియజేసెను. ప్రేమ యెక్కువ తక్కువలు అక్కడ కొలత కాదు, తెలియజేయుటయే కొలత. సమస్తముమీద అధికారముగల ప్రభువే తన స్నేహితులకు చెప్పి చేసెను. పౌలు ఫిలేమోను నొద్ద ఆజ్ఞాపించుటకు తనకు ధైర్యము కలిగియుండియు, అతని సమ్మతి లేక ఏమియు చేయనొల్లలేదు (ఫిలే. 8, 14). పౌలు కోరినది మంచి కార్యమే, దేవుని కార్యమే. అయినను బలవంతముచేత జరిగిన మేలు మేలు కాదని అతడు తలంచెను.

ఈ సందర్భమున దానియేలు జ్ఞప్తికి వచ్చును. పరదేశములో స్నేహితులతో కలిసి మూడేండ్లు చదివిన విద్యార్థులలో లేఖనమందు అతడే ప్రసిద్ధుడు. రాజు కల సంగతి ప్రాణముమీదికి వచ్చినప్పుడు అతడు ఇంటికి పోయి ముగ్గురు స్నేహితులకు సంగతి తెలియజేసి, కలిసి ప్రార్థింప వేడెను (దాని. 2:17, 18). అది స్నేహితుడు చేయు పని. ఆ అధ్యాయము చివరనే అతడు రాజుతో మనవి చేసి ఆ ముగ్గురిని బబులోను సంస్థానపు పనిమీద నియమింపజేసెను. ముందుగా వారిని అడిగెనో లేదో వాక్యము చెప్పలేదు. మరుసటి అధ్యాయములో అగ్నిగుండము వారికి ఎదురైనప్పుడు, ఆ యధికారపు స్థానములో నుండుటచేతనే వారిమీద నేరము మోపుట శత్రువులకు సులభమాయెను. స్నేహితునికి పదవి యిచ్చుటకూడ అగ్నితో కూడిన సంగతియే.

గ్రెగొరీయందు తప్పు లేదా? ఉన్నది. ఒకసారి కాదన్న తరువాత ఒప్పుకొనరాదు. ఒప్పుకొనిన తరువాత చేతులు ముడుచుకొనరాదు. అతడు అభిషేకమును అంగీకరించి పనిని నిరాకరించెను. అటు స్నేహితునికిని ఇటు ససీమలోని కొద్దిపాటి విశ్వాసులకును ఉపయోగపడలేదు. ఆ విశ్వాసుల పక్షమున మాటలాడినవారెవరును చరిత్రలో లేరు. అయినను అతనియందు మెచ్చదగినది ఒకటి. ఇంచుమించు ఆ కాలముననే ఒక విందులో ఒక సన్యాసి, పరిశుద్ధాత్మను గూర్చి బాసిల్ ధైర్యముగా మాటలాడుట లేదని పదిమందిలో నిందించెను. గాయము పచ్చిగా నున్నను గ్రెగొరీ లేచి స్నేహితుని సమర్థించెను. పిదప జరిగినదంతయు అతనికే వ్రాసి, దీనికి ఏమి చెప్పవలెనో తెలుపుమని అడిగెను. బాసిల్‌కు ఆ యుత్తరము రుచింపలేదు. వెనుకనుండి కాపాడి, ఎదుట నిలిచి నిజము చెప్పువాడు రుచించుట అరుదు.

379 ఆరంభమున బాసిల్ మరణించెనని వాడుక. గ్రెగొరీ జబ్బుపడి యుండుటచేత భూస్థాపనకు పోలేకపోయెను. పొంతు నది ఒడ్డున కలిసి గడిపిన దినములవంటివి మరల రాలేదు. ఇద్దరిలో ఎవరును కూర్చుండి "ఆ దినమున నిన్ను అడుగవలసినది" అని గాని, "అడిగియుండినయెడల ఏమి చెప్పియుండెదనో" అని గాని చెప్పుకొనినట్లు ఏ యుత్తరమును నిలువలేదు. గ్రెగొరీ కాన్‌స్టాంటినోపుల్‌లో ఒక చిన్న యింటి మందిరములో బోధించి, ఆ నగరపు విశ్వాసమును తిరిగి నిలిపి, 381లో అక్కడి మహాసభలో బిషప్పుగా కూర్చుండెను. అప్పుడు విరోధులు త్రవ్వి తీసినది ససీమ! ఒక స్థానమునకు నియమింపబడినవాడు మరియొక స్థానమునకు మారరాదని నైకేయ సభ నియమము చేసియుండెను. తాను ఎన్నడును పాలింపని ఆ దుమ్ము మజిలీ, తొమ్మిదేండ్ల తరువాత అతనికి అడ్డుకట్టగా వచ్చెను. అతడు పదవి విడిచి కప్పదొకియకు తిరిగిపోయెను. స్నేహితునికి ఒక గడియలో నిర్ణయించి పెట్టినది, అతడు ఎంత దూరము మోయవలసివచ్చునో నిర్ణయించినవానికి తెలియదు.

అప్పుడు అతడు రెండు గ్రంథములు వ్రాసెను. ఒకటి దాదాపు రెండువేల పాదములుగల తన జీవితకావ్యము. దానిలో ఏథెన్సు ఆశలను గాలి కొట్టుకొనిపోయెనని ఏడ్చెను. ససీమ దుమ్మంతయు అందులోనే కలదు. రెండవది 382 ప్రాంతమున కైసరయ సంఘము ఎదుట బాసిల్ జ్ఞాపకార్థముగా చేసిన దీర్ఘ ప్రసంగము. చనిపోయి మూడేండ్లయిన మిత్రుని గూర్చి, అతని జనుల యెదుట, అతడు దేనిని ఎక్కువసేపు చెప్పెను? అభిషేకములను కాదు, ఆంథిమును కాదు. ఏథెన్సును చెప్పెను. స్నానశాలను, అర్మేనియావారిని, ఆ నిరాశను, ఆ యోదార్పును, ఆ రెండు దారులను ఒక్కొక్కటిగా చెప్పెను. ససీమను దాటిపోలేదు, అతని క్రియలలో తాను మెచ్చజాలనిది అదొక్కటే అని అందరి యెదుట అనెను. అని, వెంటనే దాని కారణమునుకూడ తానే చెప్పెను: దేవుని విషయము అడ్డువచ్చినప్పుడు తప్ప అతడు స్నేహమును ఎన్నడును తక్కువగా చూడలేదని. ఈ రెండు మాటలలో ఏ యొక్కటియు రెండవదానిని రద్దు చేయదు. క్షమించుటయనగా లెక్క మాపివేయుటయని కొందరు తలంతురు. గ్రెగొరీ లెక్కను మాపలేదు. చదివి వినిపించి, ప్రక్కన పెట్టెను.

ప్రసంగము ముగింపులో అతడు చనిపోయిన స్నేహితుని సంబోధించి మాటలాడెను. అట్టి వేడుకోలును గూర్చి ప్రొటెస్టంటు సంఘములవారు వేరుగా తలంతురు. అది ఇక్కడ చర్చ కాదు. అతడు కోరినదేమో చూడవలెను. సింహాసనము కాదు, కీర్తి కాదు, న్యాయము కాదు. తనకు పిలుపు వచ్చినప్పుడు అక్కడి నివాసములో తనను చేర్చుకొనవలెననియు, ఇద్దరును కలిసి యుండి త్రియేక దేవుని కలిసి చూడవలెననియు కోరెను. ముప్పది యేండ్ల క్రిందట ఏథెన్సులో ఒక కప్పు క్రింద వారు ఒకరికొకరు ఇచ్చుకొనిన మాట అదియే. ఈసారి గ్రెగొరీ దానిని అడిగెను.